గొంగళి కింద వెలుగుపుల్లలు

గొంగళి కప్పుకున్నాక కళ్ళు కుదుటపడటానికి కొంతసేపు పడుతుంది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినవాడికి ఎదురుగా ఉన్న కుండ కూడా కనపడదు, కాసేపు నిలబడితే కనపడుతుంది. అంతే. ఆగాలి. బుల్లియ్య బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, నల్లగొంగళి తలమీదుగా నేలదాకా దించుకుని కూర్చున్నాడు. బుట్టలో తడి ఆకులు, ఆకుల్లో పుల్లలు. ఇంకా ఏమీ కనపడలేదు. బయట పొద్దు పూర్తిగా పోలేదు కాబట్టి గొంగళి ఎక్కడో సందిచ్చి ఉంటుంది, ఆ సందులోంచి వెలుతురు దూరుతూ ఉంటుంది, వెలుతురున్నచోట పుల్ల వెలగదు. చేత్తో తడుముకుంటూ అంచు చుట్టూ నేలకి నొక్కాడు. గొర్రెబొచ్చు కంపు. మెడ వెనకనుంచి వీపు మీదికి చెమట జారుతోంది. సందు ఎక్కడా చేతికి తగల్లేదు.

మడ అడవిలో కూలి, బురదలో పుచ్చిపోయిన మాను వానలు పట్టాక చీకట్లో తనంతట తాను వెలుగుతుంది. ఆ చెక్కని వేలెడు పుల్లలుగా చీల్చి, గాలానికి జానెడు పైన తాడుకి కడతారు. కింద బతికున్న రొయ్య. అమావాస్య రాత్రి మొగ దగ్గర, నది సముద్రంలో పడేచోట, బురదనీళ్ళలో ఆ వెలుగు చూసి పండుగప్ప వస్తుంది. అయితే పుల్లలన్నీ ఒకలా వెలగవు. ఎక్కువ వెలిగితే చేప బెదురుతుంది. తక్కువ వెలిగితే నీళ్ళలో దిగగానే చచ్చిపోతుంది. నీళ్ళు కలిపిన పాలలా, అదరకుండా బెదరకుండా నిలబడి వెలిగేది కావాలి. అది ఏరడం అందరివల్లా కాదు. చీకటి పడేదాకా కూర్చుని ఏరదామంటే పాటు ఆగదు, నీళ్ళు తీయడం మొదలవగానే పడవ ఏట్లోకి దిగాలి. అందుకని సందెవేళే గొంగళి కింద చీకటి చేసుకుని ఏరుకోవాలి. ఏరడం అయ్యేదాకా ఇంట్లో దీపం పెట్టరు. బుల్లియ్య తండ్రి అలాగే ఏరాడు, తాత అలాగే ఏరాడు. ఈ పాలెంలో పుల్ల అంటే బుల్లియ్యే. వాడి కన్ను కన్ను కాదురా అనేవాళ్ళు కల్లుపాక దగ్గర. ఇప్పుడు కూడా అంటారు. ఇంకా కనపడలేదు.

"బావా, లోపల కాపరం పెట్టేసేవా ఏంటి?"

భీమరాజు. పెళ్ళాం వీరవేణి తమ్ముడు. వాకిలి ఒకటే, ఇళ్ళు రెండు, పడవ ఒకటి. వీరవేణి పోయాక అన్నం కూడా వాళ్ళింట్లోనే.

"నోరు మూసుకుని కూర్చోరా."

"నేను మూసుకునే ఉన్నాను. రొయ్యలే అడుగుతున్నాయి, ఎప్పుడంటా అని."

"ఆయన్ని కంగారు పెట్టకండి," అని భీమరాజు పెళ్ళాం అప్పాయమ్మ గొంతు. "అన్నయ్యా, మీరు నిదానంగా సూసుకోండి. దీపం పెట్టకుండా అలాగే కూర్చున్నాం. పిల్లలు ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కుకుంటున్నారు, ఏం పర్లేదు."

ఏం పర్లేదు అని చెప్పడానికి అంత పొడుగు మాట అక్కర్లేదు. దీపం పెట్టుకోవాలి, తొందరగా తెమల్చండి అని అర్థం. అప్పాయమ్మ ఏదీ సూటిగా అనదు. వీరవేణి అనేది. ఏ మాటైనా ముఖం మీద కొట్టినట్టు అనేది, కనీసం అతను అలాగే అనుకున్నాడు.

పుల్లదే తప్పు. మధ్యాహ్నం వెళ్ళి తెచ్చింది భీమరాజు. ఏ మాను కొట్టాడో. నల్లమడ తెమ్మంటే చేతికందిన తెల్లమడ చీల్చుకొచ్చి ఉంటాడు, వాడికి ఒళ్ళు వంగదు. లేకపోతే ఎండలో తెచ్చి ఉంటాడు, ఆకు తడపకుండా. ఎండ తగిలిందా, ఆ పుల్ల ఇంక పొయ్యిలోకే. బుల్లియ్య ఒక పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడి ఉంది. పుట్టగొడుగు వాసన ఉంది. వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. నల్లమడే. మంచి పుల్లే. కంటికెదురుగా పెట్టుకున్నాడు, ముక్కుకి తగిలేంత దగ్గరగా. ఏమీ లేదు. పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. మామూలుగా అయితే పుల్ల తీసి ఇచ్చేది ఆడది, చూసేది మగవాడు. గొంగళి కింద మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుంటారు, ఆవిడ ఒళ్ళో బుట్ట, ఆవిడ ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెడుతుంది, అతను చూసి ఉంచమనో పారెయ్యమనో అంటాడు. ఒక్కడే ఏరడం అన్నది లేదు, ఎవరూ ఏరలేదు. ఇవాళ ఆ మాట ఎత్తబోయాడు భీమరాజు. మరి పుల్ల ఎవరందిస్తారు బావా అన్నాడు. నా చేతులు నాకున్నాయి అన్నాడు బుల్లియ్య. చేతులున్నాయి. చేతులకేం, చచ్చేదాకా ఉంటాయి. పక్కన గొంగళి అంత బరువుగా ఎందుకు వేలాడుతోందంటే అక్కడ మనిషి లేదు, మనిషి భుజం మీద ఎత్తుగా నిలబడేది, ఇప్పుడు కిందికి జారి మోచేతికి తగులుతోంది. మాఘమాసంలో పోయింది. జ్వరం వచ్చిన నాలుగోరోజు. నాకు చెప్పకుండా పోయావేంటే అని అతను అడగలేదు, ఎవరూ చెప్పి పోరు. కానీ ఎవరూ ఇంత నిండు కాపరం మధ్యలో చెయ్యి కడుక్కుని లేచిపోయినట్టు కూడా పోరు.

ఆగు. అదిగో.

ఎడంపక్కన, కింద, పాలచుక్క. ఒకటి. దాని పక్కన ఇంకొకటి, కాస్త పచ్చగా. నెమ్మదిగా వస్తున్నాయి, వస్తాయి, ఆగాలి అన్నాడు కదా, కళ్ళు కుదుటపడాలి అంతే. బుల్లియ్య గట్టిగా ఊపిరి వదిలాడు.  నవ్వొచ్చింది కూడా. చెయ్యి చాపి వెలుగున్న చోట పట్టుకున్నాడు, పుల్ల చేతికొచ్చింది, ఉంచేవైపు పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఇవీ పుల్లలంటే. పాలెం వాళ్ళు ఊరికే అనరు. పచ్చగా, నీలంగా, పాలలా, ఒకటి పెద్దది చిన్నదవుతూ, ఒకటి ఈదుతున్నట్టు పక్కకి జరుగుతూ. జరుగుతూ. పుల్ల జరగదు. కనుబొమ్మల మీదినుంచి చెమట జారి కంట్లో పడింది, ఉప్పు, మండింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చుక్కలు పోలేదు.

మూసిన కళ్ళలో అక్కడే ఉన్నాయి. ఎడంపక్కన పాలచుక్క, దాని పక్కన పచ్చది. తెరిచాడు. అవే. మళ్ళీ మూశాడు. అవే. అరచేతులతో రెండు కళ్ళూ నొక్కిపట్టాడు, ఇంకా ఎక్కువయ్యాయి, రవ్వల్లా లేచాయి, చేతులు తీసేస్తే నెమ్మదిగా మామూలుగా అయ్యాయి. తల ఇటు తిప్పాడు. ఇటు వచ్చాయి. అటు తిప్పాడు. అటు వచ్చాయి. బుట్ట కదల్లేదు. బుట్ట అతని ఒళ్ళోనే ఉంది, బరువుగా, తడిగా, నల్లగా. అతను ఉంచేవైపు పెట్టిన పుల్లల్ని వేళ్ళతో తడిమాడు. ఉన్నాయి. ఏవో ఉన్నాయి. వెలుగు ఉన్నచోట పట్టుకుంటే పుల్ల చేతికొచ్చింది, సరే, బుట్ట నిండా పుల్లలుంటే ఎక్కడ పట్టుకున్నా పుల్లే వస్తుంది.

రేచీకటి. మాట దానంతటదే వచ్చింది, ఎవరో పక్కింట్లో అన్నట్టు. కరణంగారి పాలేరుకి ఉండేది, పొద్దు వాలితే వాడిని తాడు పట్టుకుని నడిపించేవాళ్ళు, పిల్లలు తాడు లాగి నవ్వేవాళ్ళు. బుల్లియ్య కూడా లాగాడు చిన్నప్పుడు. కాదు. తనకి కాదు. పోయిన వానాకాలం బాగానే ఏరాడు కదా. పోయిన శ్రావణం అమావాస్యకి ఏరినవి వెంట్రుకవాసి తేడా లేకుండా అన్నీ ఒకే వెలుగు అని భీమరాజు మెచ్చుకోలేదూ. ఆ రాత్రి పడ్డ పండుగప్పల్ని కావడికెత్తుకుని పోలేదూ. ఇదే గొంగళి కింద, ఇదే బుట్ట. వీరవేణి పక్కన కూర్చుని ఒక్కొక్కటే అరచేతిలో పెడుతూ, ఇది బాగుంది కదా మావా, అనేది. బాగుంది అనేవాడు. ఇది నీళ్ళపాలలా ఉంది కదా మావా. ఊఁ. ఇది మరీ ఎక్కువ, చేప పారిపోద్దేమో కదా. పారెయ్ అనేవాడు. ఇది కాస్త పచ్చగా ఉంది, అయినా నిలబడుతోంది కదా. ఉంచు అనేవాడు. ఎందుకే అంత వాగుడు, నాకు కళ్ళు లేవా అని విసుక్కున్నాడు కూడా ఒకసారి. ఆవిడ చెయ్యి అతని అరచేతి మీద ఆగింది. గాజులు కదల్లేదు. తర్వాత, ఉన్నాయి మావా, ఎందుకు లేవు, అంది. ఇది బాగుంది కదా, అంది.

అంటే చూసింది ఎవరు.

ముందటి ఏడు తను చూశాడా. అది గుర్తుంది, చూశాడు, పాలవెలుగు తెలుసు అతనికి, పెళ్ళైన కొత్తలో ఈ వెలుగులో ఆమె గడ్డం కనపడేది, ముక్కుపుడక కనపడేది, పుల్ల చూడమంటే నన్ను చూస్తాడేంటి అని మోచేత్తో పొడిచేది. అది ఎప్పుడు పోయింది. ముక్కుపుడక కనపడటం ఎప్పుడు మానేసింది. ముసలిదయ్యాక దాన్నేం చూస్తాం అనుకున్నాడు. చూడటం మానేశాడు అనుకున్నాడు. మానెయ్యడం కాదు. దానికి తెలుసు. దానికి ఎప్పటినుంచో తెలుసు. తెలిసి, ముఖాన చెప్పకుండా, కదా కదా అని ఒక్కొక్క పుల్లతో అతన్ని నమ్మించింది. మొగుణ్ణి పసివాణ్ణి చేసి ఆడించింది.

ఆ సున్నం ఒకటి. గుమ్మానికి రెండువైపులా, నీళ్ళకుండల తిన్నె అంచుకి, పడవ రాటకి, పెరటిలో అరుగు మూలకి, ఎక్కడ పడితే అక్కడ సున్నం పూసింది. ఇదేంటే, ఇల్లా బొమ్మలకొలువా అంటే, చీమలు మావా, సున్నం ఉంటే చీమ దాటదు అంది. అతను నమ్మాడు. తెల్లగా ఉన్నంతకాలం సందెవేళ కాలు ఎక్కడా తగల్లేదు. ఆవిడ పోయాక వాన కురిసింది, సున్నం కరిగిపోయింది, అప్పటినుంచి గుమ్మం అతన్ని కొడుతోంది. తిన్నె కొడుతోంది. మోకాలి కింద పుండు ఇంకా మానలేదు. పెళ్ళాం పోయిన కొంపకి కూడా నేనంటే లెక్కలేదు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కొంప చేసిందేమీ లేదు. అది ఉన్నచోటే ఉంది.

పొన్నగంటి కూర. అదొకటి. పొద్దున పొన్నగంటి, రాత్రి పొన్నగంటి. పప్పులో, పులుసులో, ఏమీ లేకపోతే ఉప్పేసి ఉడకబెట్టి. చేపలు పట్టేవాడి ఇంట్లో ఆకు మేస్తున్నామేంటే, నేనేమైనా దూడనా అని కంచం విసిరేశాడు. కంచం ఎత్తి కడిగి, రెండోపూట మళ్ళీ అదే వడ్డించింది. సొరచేప ఎవరికి పడ్డా ఒడ్డుకి పోయి కాలేయం అడుక్కొచ్చేది, కాచి నూనె తీసి అతని పులుసులో పోసేది, దీపానికి మిగిలింది కలిపాను మావా, పారబోయడం ఎందుకూ అనేది. కడుపులో తిప్పేది ఆ కంపుకి. తిన్నాడు. అన్నీ తిన్నాడు. ఒక్కమాట, నీ కళ్ళు పోతున్నాయి మావా అని ఒక్కమాట అంటే, ఆ గడ్డి తనే తినేవాడు కదా, కొండంత తినేవాడు కదా. ఎందుకు అనలేదు. అంటే ఏమయ్యేది. కొట్టేవాడా. నమ్మేవాడా. అంటే రాత్రివేట మానెయ్యాలి. పుల్ల వదిలెయ్యాలి. పగటిపూట ముసలాళ్ళతో, ఆడవాళ్ళతో కూర్చుని వల బాగుచేసుకోవాలి. పాలెంలో వాడి కన్ను కన్ను కాదు అని మళ్ళీ అంటారు, వేరేలా అంటారు. ఆ మాట పడకుండా కాచింది అని ఎవడైనా అనొచ్చు. బుల్లియ్య అనడు. అది కాచింది కాదు. కాచేదైతే ఉండాలి. సగం దూరం మోసుకొచ్చి నీళ్ళ మధ్యలో వదిలేసి పోయినదాన్ని ఏమంటారు.

ఇంకా ఉంది. వెండి కడియం. పోయినేడు జ్యేష్ఠంలో ఒక కాలి కడియం లేకుండా వచ్చింది, బురదలో ఊడిపోయింది మావా అంది. నెల్లాళ్ళు తిట్టాడు. కాలికున్నది కాపాడుకోలేనిదానివి అని తిట్టాడు. తర్వాత పెద్దాపురం మరిడమ్మ జాతరకి పోదామంది, అక్కా తమ్ముడూ ముందు, అతను వెనక. గుళ్ళో చీరకొంగు విప్పి రెండు వెండి కళ్ళు తీసి అమ్మవారి ముందు పెట్టింది. ఎవరికే అంటే, తమ్ముడి కూతురికి కళ్ళకలక కదా, అప్పాయమ్మ మొక్కుకుంది అంది. భీమరాజు పక్కనే ఉన్నాడు. కొబ్బరికాయ కొడుతున్నాడు. ఒక్క దెబ్బకి పగలకపోతే రెండో దెబ్బ కొట్టాడు గాని, అవును మా పిల్లకే అని అనలేదు, కాదు అని కూడా అనలేదు. ఆ పిల్లకి కళ్ళకలక ఎప్పుడొచ్చింది. ఎప్పుడూ రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు బయట చీకట్లో కాళ్ళు తొక్కుకుంటూ కూర్చుంది, నిక్షేపంలాంటి కళ్ళు దానికి.

అంటే వీడికీ తెలుసు.

పోయిన వానాకాలం పడవలో తెడ్డు దగ్గర అతను, ముందు భీమరాజు. మొగ దగ్గర ఇసుకమేట మీద అల విరిగేచోట చీకట్లో కూడా తెల్లని గీత ఉంటుంది, ఆ గీతకి ఎడమగా పోవాలి, కుడికి పోతే పడవ బోర్లాపడుతుంది. ఎడమకి బావా, ఇంకొంచెం ఎడమకి, ఇప్పుడు నిలుపు, అని అరుస్తూనే ఉన్నాడు వీడు. నాకు తెలీదా మొగ, నువ్వు పుట్టకముందు నుంచీ దాటుతున్నాను అన్నాడు తను. తెలుసు బావా, నోరూరుకోదు, అక్క పోలిక అన్నాడు వీడు, నవ్వుతూ. ఆ గీత తను చూశాడా ఆ రాత్రి. చప్పుడు విన్నాడు. వాడి అరుపు విన్నాడు. కార్తీకం నుంచి అసలు రాత్రివేటకే పోలేదు, రాత్రి ఒక్కదాన్ని ఉండలేను మావా, భయం వేస్తోంది అంది వీరవేణి. పాముని చీపురుతో కొట్టి అవతల పారేసే మనిషి. భయం అంటే నమ్మాడు. మాఘంలో పోయింది కాబట్టి, దానికి ముందే తెలిసింది పాపం, చావు భయం అది అని కూడా అనుకున్నాడు. ఎంత వెర్రివాణ్ణి చేశావే.

గొంగళి అంచు కాస్త లేచింది. గాలి చల్లగా వచ్చింది, వెలుతురు రాలేదు. అంటే బయట కూడా చీకటి పడిందా, లేక ఇంకా సందెవెలుగు ఉండి తనకి రాలేదా. ఏ సంగతీ తెలియలేదు. 

"బావా, ఇది ఒకపాలి సూడు." చేతిలో చల్లని గాజు పెట్టాడు భీమరాజు. "యానాంలో కొన్న అత్తరు బుడ్డి. మిణుగురుల్ని పట్టి వేసేను. మూతికి లక్క పెట్టి గాలానికి కడదాం అని. పుల్లకంటే గట్టి వెలుగు."

బుడ్డి లోపల పురుగులు గాజుకి కొట్టుకుంటున్నాయి. వేళ్ళకి తెలుస్తోంది, వానచినుకు మొదట్లో తాటాకు మీద పడ్డట్టు. అవి వెలుగుతున్నాయి. ఆరుతున్నాయి. మూడువంతులు ఆరుతూ ఒకవంతు వెలుగుతాయి మిణుగురులు, అన్నీ కలిపి వేస్తే ఎప్పుడూ ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. అతని అరచేతిలో ఉంది అంత వెలుగు. కంటికి ఆనించుకున్నాడు. తన చుక్కలే. పాలది, పచ్చది, ఈదుతున్నది.

"ఎలా ఉంది?" అన్నాడు భీమరాజు.

"ఎక్కువ. చేప బెదురుతుంది."

 మామూలుగా ఇలాంటిదానికి వాడి దగ్గర పది మాటలుంటాయి. "పోనీ ఇది," అని ఏదో గీసిన చప్పుడు. గుప్పున వెల్లుల్లి వాసన. కాకినాడ నుంచి తెచ్చిన సీమ అగ్గిపుల్లల మందు, తడిచేత్తో రుద్దితే మంట రాకుండా చెయ్యి వెలుగుతుందని నిన్నంతా పిల్లలకి చూపించి మురిసిపోయాడు. వాళ్ళు కేకలు వేశారు, నాన్న చెయ్యి దెయ్యం చెయ్యి అని. అప్పుడు బుల్లియ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, చూడటానికి లేవలేదు. లేచి ఉంటే నిన్ననే తెలిసేది.

"నా చెయ్యి సూడు బావా. గాలం గుండుకి పూద్దామా?"

చెయ్యి ఎక్కడుంది. వాసన ఉన్నవైపు ముఖం తిప్పాడు బుల్లియ్య. "కడుక్కో. కంపు. నీళ్ళలో దిగితే పోతుంది అది."

"సరే బావా."

అంచు కిందికి దిగింది. వాడు దూరంగా పోలేదు, అక్కడే కూర్చున్నట్టున్నాడు, ఊపిరి వినపడుతోంది. చేతిలో బుడ్డి మిగిలిపోయింది. వాడు ఇంత పెద్దపెద్ద వెలుగులు ఎందుకు తెచ్చాడో బుల్లియ్యకి ఇప్పుడు తెలిసింది. పండుగప్ప కోసం కాదు. పండుగప్పకి పుల్ల చాలు, తాతలనాటి నుంచీ చాలింది. ఏదో ఒక వెలుగు, ఎంత పెద్దదైనా సరే, ఇతని కంటికి ఆనుతుందేమో అని యానాంలో బుడ్డి కొన్నాడు, కాకినాడలో అగ్గిపుల్లలు కొన్నాడు, చెట్టుచెట్టూ తిరిగి పురుగులు ఏరాడు. ఎవరు చెప్పారు వీడికి. ఇంకెవరు చెబుతారు. జ్వరంలో తమ్ముణ్ణి మంచం దగ్గరికి పిలిచి, అందర్నీ బయటికి పొమ్మంది. పుట్టింటి సంగతులేమో అనుకుని అతను అరుగు మీద కూర్చున్నాడు. చుట్ట కాల్చుకున్నాడు. లోపల తన కళ్ళని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకుంటుంటే బయట కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

చెప్పెయ్యాలి. గొంగళి తీసేసి, ఒరేయ్ నాకు కనపడటం లేదు, తెడ్డు నువ్వు పట్టు, పుల్ల నువ్వు ఏరు, నేను ఇంట్లో ఉంటాను అనాలి. ఇంతే మాట. ఇంత చిన్నమాట.  చెబితే ఈ క్షణంతో అయిపోతుంది, రేపు పొద్దున్న ఆడవాళ్ళ మధ్య వల. చెప్పకపోతే ఇసుకమేట. ముగ్గురు పిల్లల తండ్రిని ముందు కూర్చోబెట్టుకుని, గుడ్డివాడు తెడ్డు పట్టుకుని, చప్పుడుని బట్టి మొగ దాటడం. దాటగలనేమో. ఇన్నేళ్ళ మొగ. దాటగలనేమో అన్న మాట మీద పడవ నిలబడదు. పోనీ పుల్లలైనా. వేళ్ళతో ఏరగలనేమో. బాగా మెత్తబడింది ఎక్కువ వెలుగుతుంది, గట్టిగా ఉన్నది తక్కువ, మధ్యస్తంగా ఉన్నది తీద్దాం అని ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఇది మెత్తన. ఇదీ మెత్తనే. ఇది పైన గట్టి, లోపల మెత్తన. ఏరినవి ఎడమవైపా, కుడివైపా. ఇందాక పెట్టినవి ఎటు. ఆకు జారింది, బుట్ట ఒరిగింది, పుల్లలన్నీ ఒళ్ళోకి, ఒళ్ళోంచి నేల మీదికి. ఉంచినవీ పారేసినవీ ఒక్కటైపోయాయి. రెండు చేతులా నేల తడుముతూ ఏరుకుంటున్నాడు. అతని చుట్టూ నేలంతా ఇప్పుడు వెలుగుతూ ఉంటుంది. గొంగళిలో ఎవరైనా తలపెడితే, వెలుగు మధ్యలో నాలుగుకాళ్ళ మీద తడుముకుంటున్న మనిషి కనపడతాడు.

గొంగళి లేచింది. ఈసారి అంచు మాత్రమే కాదు.

భీమరాజు ఒళ్ళు పెద్దది, ఇరుక్కుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పొగాకు, వెల్లుల్లి, చెమట. పక్కన వేలాడుతున్న గొంగళి వాడి భుజం మీద ఎత్తుగా నిలబడింది.  నేల మీద పుల్లలు ఏరాడు, తడబడకుండా, చకచకా, కనపడేవాడు ఏరినట్టు. బుట్ట తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆడది కూర్చునే చోటురా అది," అన్నాడు బుల్లియ్య. 

"తెలుసులే. గాజులు వేసుకోలేదు, అంతే తేడా." ఆ తర్వాత, మామూలుగా, ఏదో రోజూ అనే మాటలా, "తెడ్డు ఇయ్యాల నేను పడతానులే. నీకు భుజం నొప్పన్నావు కదా."

అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఈ రాత్రికి ఆ నొప్పి వీడు తయారుచేసి తెచ్చాడు, చీమలకి సున్నం లాగా, కళ్ళకలక లాగా. ఆ వంశమే అంత. నా భుజానికేం రోగం లేదు అనడానికి నోరు తెరిచాడు బుల్లియ్య. మూసుకున్నాడు. వాళ్ళందరినీ, పోయినదాన్ని, ఉన్నవాణ్ణి, బయట చీకట్లో దీపం లేకుండా ఓపిగ్గా కూర్చున్న అప్పాయమ్మని, పట్టుకుని దులిపెయ్యాలనిపించింది. ఎవరిని పట్టుకోవాలన్నా ముందు వాళ్ళు ఎక్కడున్నారో కనపడాలి.

వాడు అతని చెయ్యి పట్టుకుని అరచెయ్యి తెరిచాడు. తడిపుల్ల ఒకటి అందులో పెట్టాడు. వాడి చెయ్యి అక్కడే ఆగింది.

"ఇది బాగుంది కదా బావా," అన్నాడు. "నీళ్ళపాలలా ఉంది."

ఆ కదా అనడం వాడిది కాదు. ఎవరో నేర్పితే వచ్చింది అది, మంచం పక్కన, జ్వరంలో, ఇలా అను, ఇలా ఆగు, అతను ఊఁ అనేదాకా చెయ్యి తియ్యకు అని చెబితే వచ్చింది. బయట రొయ్యలకుండలో నీళ్ళు కదిలాయి. ఏటివైపు నుంచి పాటు మొదలైన చప్పుడు, ఒడ్డు బురదని నీళ్ళు వదిలే చప్పుడు. బుల్లియ్య అరచేతిలోకి చూశాడు. చూసినట్టు తల వంచాడు. అక్కడ ఏమీ లేదు.

"ఊఁ," అన్నాడు. "ఉంచు."

వాడు తీసి ఉంచాడు. ఇంకొకటి పెట్టాడు.

"ఇది కాస్త పచ్చగా ఉంది. అయినా నిలబడుతోంది కదా?"

"ఉంచు."